కొండవాలు గరుసు నేలలో జీడి అంట్లు నిలవట్లేదు: రాళ్లు ఏరించాలా, వద్దా?

గరువుగట్టు
మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ వైపు. వంశధారకి కాస్త ఎగువన కొండవాలులో నాన్నగారి పట్టా భూమి రెండెకరాలుంది. పైన పెద్ద పెద్ద గుండ్రటి బండలు, వాటి కింద నుంచి మా గట్టు దాకా అంతా గరుసే. కాలు పెడితే జారుతుంది. రెండేళ్లుగా వానాకాలంలో జీడి అంట్లు వేస్తున్నాం. దసరా దాకా పచ్చగా కళకళలాడతాయి. సంక్రాంతి దాటగానే ఆకు అంచులు మాడటం మొదలై, శివరాత్రికి సగం మొక్కలు కట్టెలైపోతున్నాయి. కొండ కిందే మా బాబాయి తోట ఉంది. అదే నర్సరీ, అదే అంటు, ఆయనవి ఒక్కటీ పోలేదు.
మట్టి పరీక్ష చేయించాను. ఉదజని సూచిక (pH) 6.2, నత్రజని తక్కువ, భాస్వరం, పొటాష్ మధ్యస్థం. అంటే పెద్ద లోపమేం లేనట్టే కదా. మరి ఎందుకు చస్తున్నాయి? నర్సరీ అతను రాళ్లన్నీ ఏరించి చెరువు మట్టి తోలించమంటున్నాడు. ట్రాక్టరు అంత పైకి ఎక్కదు, కూలి ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి, రాళ్లు ఏరించాలా?

జీడిపిక్క
ఏరించాల్సిందే తమ్ముడూ. మాది మందస. మా మావయ్య కొండ తోటలో రాళ్లు ఏరించి గట్టు మీద కుప్పలు పోయించారు, ఇప్పుడు నేల దున్నడానికి వస్తోంది. రాయి ఉన్న చోట వేరు ఎక్కడికి పోతుంది? డబ్బు ఒకసారే, సుఖం జన్మంతా.

మహేంద్రతనయ
వాలు ఎంత ఉంది? అది చెప్పకుండా ఎవరు ఏం చెప్పినా గాల్లో మాటే.

గరువుగట్టు
కొలవలేదండి. కింద నిలబడి చూస్తే మా తోట పై గట్టు మెడ ఎత్తి చూడాలి.

గుణుపురం_సుజాత
దయచేసి తొందరపడి రాళ్లు ఏరించకండి. నేను చాలాకాలం నేల సర్వే బృందంతో రాయగడ, గజపతి కొండల్లో గోతులు తవ్వించే పని చేశాను. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీది గ్రానైట్ కొండ. పైన గుండ్రటి బండలు, కింద గరుసు, అది గ్రానైట్ తరిగే తీరే.
గ్రానైట్‌లో మూడు రకాల గింజలుంటాయి. తెల్లగానో గులాబీ రంగులోనో ఉండే ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే పలుగురాయి (క్వార్ట్జ్), నల్లగా పొరలుగా ఊడే అభ్రకం. నీళ్లు తగిలితే నల్ల అభ్రకం ముందు ఉబ్బుతుంది. అది ఉబ్బగానే పక్క గింజల పట్టు సడలి రాయి రవ్వరవ్వగా రాలుతుంది. తర్వాత ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారుతుంది. పలుగు మాత్రం మారదు, ఇసుకగా, గరుసుగా ఉండిపోతుంది. చదును నేలలో అయితే ఈ బంకమట్టి అక్కడే పోగుపడి బాగా లోతైన ఎర్రనేల అవుతుంది. నిటారు వాలులో అలా కుదరదు. తయారైన సన్నమట్టిని ప్రతి వానా కిందికి తోసేస్తుంది. బరువైన గరుసు మిగిలిపోతుంది. మీ బాబాయి గారి తోట బాగుందంటే ఆశ్చర్యం లేదు, మీ కొండ మీద తయారైన మంచి మట్టంతా తరతరాలుగా దిగి ఆయన పొలంలోనే చేరింది.

జీడిపిక్క
అయితే బాబాయి దగ్గర మట్టికి అద్దె వసూలు చెయ్యాలి.

గరువుగట్టు
హహ, రేపు అడుగుతాను అన్నా. సుజాత గారూ, మరి పరీక్షలో అంతా బాగానే ఉందని ఎందుకొచ్చింది?

గుణుపురం_సుజాత
పరీక్ష తప్పు కాదు. ల్యాబులో మట్టిని ముందు 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. పైన మిగిలిన రాయి, గరుసు పారేస్తారు. కింద పడిన సన్నమట్టికే పరీక్ష. ఆ సన్నమట్టి మంచిదే. మీ నేలలో అది ఎంత ఉందన్నదే సంగతి. మట్టి పరీక్ష కార్డు మీద హెక్టారుకి ఇన్ని కిలోలు అని వేసే అంకె, పైన 15 సెంటీమీటర్ల లోతులో హెక్టారుకి సుమారు 22 లక్షల కిలోల మట్టి ఉందనుకుని వేసే లెక్క. మీ వాలులో అందులో సగానికి పైగా రాయే అయితే, కార్డు మీద ఉన్న పోషకాల్లో సగం కూడా మీ మొక్కకి లేనట్టే. నీళ్ల సంగతీ అంతే. గరుసు నీళ్లు పట్టదు, సన్నమట్టే పట్టాలి.
కాబట్టి ముందు ఒక గొయ్యి తవ్వించి చూడండి. మొక్కలు పోయిన చోట ఒకటి, బాబాయి గారి గట్టు పక్కన ఒకటి.

మహేంద్రతనయ
కార్డు లెక్క నాకు కొత్త విషయం. నాకూ ఇలాంటి కార్డే ఉంది, ఇన్నాళ్లూ దాని ప్రకారమే యూరియా వేస్తున్నా.

దెగ్లూర్_దత్తు
నేను నాందేడ్ జిల్లా వాడిని. మా దెగ్లూర్ చుట్టుపక్కల తమాషా ఏంటంటే, ఒక వైపు నల్లరాతి (బసాల్ట్) నేల, ఇంకో వైపు మీలాంటి గ్రానైట్ నేల. రెండింటినీ మొరం అనే అంటాం కానీ గుణం వేరు. నల్లరాయి కుళ్లితే ఆ మొరమే జిగటగా ఉంటుంది, అందులో సున్నం ఎక్కువ, నీళ్లు పట్టుకుంటుంది. జానెడు లోతున్నా కంది, పత్తి లాగేస్తాయి. గ్రానైట్ మొరంలో ఆ జిగి ఉండదు, వాన వెలిసిన నాలుగో రోజుకే పొడిపొడి. అందుకని నల్లరాతి నేలల యవత్మాల్ వాళ్ల వీడియో చూసి కొండ నేలలో ఇలా చెయ్యండి అలా చెయ్యండి అంటే మీకు పనికిరాదు. రాయిని బట్టి నేల.

సివిల్_శీను
దత్తు గారి మాట అక్షరాలా నిజం. మన తూర్పు కనుమల్లో కూడా అన్నీ గ్రానైట్ కొండలు కావు. రాయి పగలగొట్టి చూస్తే ఎర్రటి గార్నెట్ పూసలు కనిపిస్తే అది ఖోండలైట్. అది త్వరగా కుళ్లి లోతుగా ఎర్రమట్టి ఇస్తుంది. కొరాపుట్ వైపు ఆ కొండల నెత్తినే బాక్సైట్ ఉంది. ముదురు ఆకుపచ్చ, నలుపు కలిసి నూనె రాసినట్టు మెరిస్తే చార్నొకైట్. తెల్లగా పెద్ద పెద్ద ఫెల్డ్‌స్పార్ పలకలు, మధ్యలో పలుగు, నల్ల మచ్చలు ఉంటే గ్రానైట్ జాతి. ఒకే ఊళ్లో రెండు కొండలు రెండు రకాలుగా ఉండొచ్చు. పక్క కొండ వాడికి పండింది కదా అని మనం వేస్తే పండదు.

రిటైర్డ్_ఏఓ
వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఉండేది పర్లాకిమిడిలో. బాబూ గరువుగట్టూ, గొయ్యి తవ్వించినప్పుడు చిన్న పని చెయ్యి. పైనుంచి అడుగు లోతు దాకా వచ్చిన మట్టిని, గరుసుని కలిపి ఒక బకెట్ నిండా తీసుకో. ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టు. దొరక్కపోతే నూకలు జల్లించేది సుమారుగా సరిపోతుంది. పైన మిగిలిన గరుసుని సగం నీళ్లున్న ఇంకో బకెట్‌లో వెయ్యి. నీటిమట్టం ఎంత లేచిందో అదే గరుసు అసలు పరిమాణం. తూకం వెయ్యకు, రాయి బరువెక్కువ కాబట్టి తూకం మోసం చేస్తుంది. పరిమాణంలో సగం ఉన్న గరుసు తూకంలో మూడింట రెండు వంతుల దాకా వస్తుంది.
సర్వే వాళ్ల లెక్కలో పరిమాణంలో 15 శాతం దాటితే గరుసు నేల, 35 దాటితే బాగా గరుసు నేల, 60 దాటితే అతి గరుసు నేల. నీది ఎందులోకి వస్తుందో తేలితే అప్పుడు మాట్లాడదాం.

కొత్తూరు_కుర్రాడు
సార్, వాలు కొలవడానికి యాప్ ఏదైనా ఉందా?

రిటైర్డ్_ఏఓ
యాప్ ఎందుకు? పది అడుగుల వాసం తీసుకో. ఒక కొన నేల మీద ఆనించి, రెండో కొన వాలు వైపు చాచి సమంగా పట్టుకో, పైన చిన్న నీటి సీసా పెడితే సమం తెలుస్తుంది. ఆ కొన నుంచి నేల దాకా ఎన్ని అడుగులుంటే పదికి అన్ని. మూడడుగులుంటే 30 శాతం వాలు. శాతం వేరు, డిగ్రీ వేరు. 45 డిగ్రీలంటే 100 శాతం. కాగితాల మీద ఈ రెండూ కలిపేసి పథకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, దానివల్ల కందకాలు తప్పు దూరంలో పడుతుంటాయి.

జీడిపిక్క
సుజాత గారు రాళ్లు ఏరొద్దన్నారు, కారణం మాత్రం చెప్పలేదు. మా మావయ్య తోటలో నేను కళ్లారా చూసింది చెప్తా. రాళ్లు ఉన్న చోట వాన పడితే నీళ్లు చర్రున కిందికి పోతాయి. ఏరిన చోట కాసేపు నిలిచి ఇంకుతాయి. మరి రాయి నీళ్లు దిగనివ్వట్లేదనే కదా?

గుణుపురం_సుజాత
నా అనుభవం దానికి పూర్తిగా వ్యతిరేకం అండి. రాళ్లు తీసేసిన వాలుల్లో ఒక్క తుపాను వానకే వేళ్లు బయటపడేలా కోత పడటం చూశాను. పైన పరుచుకున్న గరుసు వాన చినుకు దెబ్బ తను తింటుంది, కింద సన్నమట్టి చెదరదు. ఎండాకాలంలో నేల తడి ఆవిరి కాకుండా కప్పులా ఉంటుంది. తోటలో ఎక్కడైనా చదునైన రాయి ఎత్తి చూడండి, చుట్టూ నేల పొడిబారినా దాని కింద చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా తగులుతుంది. వానపాములు, సన్న వేళ్లు అక్కడే ఉంటాయి. అవి తీసేస్తే మిగిలేది ఏముంది?

జీడిపిక్క
నేను చూసింది అబద్ధమా మరి?

రిటైర్డ్_ఏఓ
ఇద్దరూ చూసింది నిజమే. రాయి ఎలా కూర్చుంది అన్నదే తేడా. వదులుగా నేల మీద పరుచుకున్న రాయి అయితే నీళ్లు దాని చుట్టూ, దాని కింద దిగుతాయి. సుజాత చెప్పింది అది. అదే రాయి సగం నేలలో కూరుకుపోయి చుట్టూ మట్టి పెచ్చు కట్టిందనుకోండి, నేల గచ్చులా తయారవుతుంది. నీళ్లు దిగే సందుండదు, చర్రున జారిపోతాయి. పశువులు తొక్కిన చోట, ఏటా తగలబెట్టిన చోట ఇలా అవుతుంది. మీ మావయ్య గారి తోటలో పశువులు తిరిగేవా?

జీడిపిక్క
తిరిగేవి. ఊరి మందంతా అటు నుంచే కొండెక్కేది. సరే, కూరుకుపోయిన రాయి అయితే కదపాలి అంటారు. అది నేను ఒప్పుకుంటా. మొత్తం అలా వదిలెయ్యడం మాత్రం ఒప్పుకోను.

రిటైర్డ్_ఏఓ
మొత్తం వదిలెయ్యమని నేనూ అనను. గునపంతో కదిపి, పెచ్చు పగలగొట్టి, మళ్లీ అక్కడే పరచాలి. నేల దాటించకూడదు.

పుట్టాసింగ్_మాస్టారు
నేను గుణుపురం బ్లాకులో పుట్టాసింగ్ వైపు బడిలో పనిచేశాను. ఈ చర్చంతా చదువుతుంటే లాంజియా సవర గిరిజనుల మడులు గుర్తొచ్చాయి. కొండ నిటారుగా ఉన్నా మెట్లు మెట్లుగా రాతి గోడలు కట్టి వరి పండిస్తారు. సిమెంటు లేదు, సున్నం లేదు, కొండ మీద దొరికిన రాయే. గోడలు కొన్ని నిలువెత్తు ఉంటాయి. పై మడిలో నీళ్లు కింది మడికి దిగేలా దారి వదులుతారు. రాయిని ఏరి బయట పారెయ్యడం ఆ ఊళ్లలో నాకు కనిపించలేదు. పెద్ద రాయి గోడకి, చిన్నది గోడ వెనక నింపడానికి. గోడ వెనక చిన్న రాయి నింపితే వాననీళ్లు గోడని తోసెయ్యకుండా సందుల్లోంచి బయటికి వస్తాయని అక్కడి పెద్దాయన ఒకరు చూపించారు.
ఇంకో సంగతి. ఆ మడులు వాగు పొడుగునా, ఊట ఉన్న చోటే ఉంటాయి. ఊట లేని పొడి వాలు మీద వాళ్లు మడి కట్టరు. అక్కడ చోళ్లు (రాగులు), సామలు, కందులు కలిపి చల్లుతారు. ఏ వాలు దేనికి పనికొస్తుందో వాళ్లకి బాగా తెలుసు.

కొత్తూరు_కుర్రాడు
మాస్టారూ, చోళ్లు గరుసులో ఎలా పండుతాయి? నీళ్లే నిలవవు కదా.

పుట్టాసింగ్_మాస్టారు
వానాకాలం అయ్యేలోపే పంట చేతికొస్తుంది బాబూ. ఎండాకాలం దాటాల్సిన అవసరం దానికి లేదు. కంది మిగులుతుంది, దాని వేరు లోతుకి పోతుంది. గరువుగట్టు గారి జీడి మొక్కకి వచ్చిన కష్టం అదే, లేత వేరుతో ఎండాకాలం దాటాలి.

గరువుగట్టు
గోతులు తవ్వించాను, ఆలస్యానికి క్షమించండి, మనుషులు దొరకలేదు. చూసింది చూసినట్టు రాస్తున్నా.
మొక్కలు చచ్చిన చోట: పైన నాలుగు వేళ్ల మందం ముదురు గోధుమరంగు మట్టి, గడ్డి వేళ్లతో అల్లుకుపోయి ఉంది. దాని కింద జానెడున్నర దాకా ఎర్రటి గరుసు. శనగగింజంత నుంచి కోడిగుడ్డంత రాళ్లు, కోణాలు పదునుగా ఉన్నాయి, చేతులు గీరుకుపోయాయి. తెల్ల పలుగురాళ్లు ఎక్కువ. దాని కింద గునపం టంగుమనలేదు, కసుక్కున దిగింది. బయటికి తీస్తే రాయిలాగే ఉంది, గ్రానైట్ మచ్చలన్నీ కనిపిస్తున్నాయి, కానీ గుప్పిట్లో నలిపితే పొడైపోతోంది. తెల్ల గింజలు వేలికి సుద్దలా అంటుకుంటున్నాయి. ఆ కుళ్లు రాయిలో సన్నని పగుళ్ల వెంట గోధుమరంగు చారలున్నాయి, రెండు మూడు పగుళ్లలో పక్కనున్న ముసిడి చెట్టు వేళ్లు దూరి ఉన్నాయి. అడుగున తడి ఉంది! పైన ఎర్ర గరుసు పూర్తిగా పొడి.
బకెట్ లెక్క: గరుసు సగం కంటే కొంచెం ఎక్కువే తేలింది. బాబాయి గట్టు పక్కన అదే లెక్కకి బకెట్‌లో ఐదో వంతు కూడా రాలేదు, గొయ్యి నడుం లోతు తవ్వినా మట్టే.
వాలు పై భాగంలో పదికి నాలుగున్నర, కింది భాగంలో పదికి రెండు.

మహేంద్రతనయ
ఇంత వివరంగా రాసినవాళ్లని ఈ వేదికలో నేను చూడలేదు. ఫొటో కూడా పెట్టు తమ్ముడూ.

రిటైర్డ్_ఏఓ
శభాష్ బాబూ. ఇప్పుడు లెక్క వేసుకో. ఇసుక కలిసిన ఎర్రమట్టి మీటరు లోతుకి సుమారు 100 మిల్లీమీటర్ల నీళ్లు మొక్కకి అందేలా దాచుకుంటుంది. నీ మట్టి 35 సెంటీమీటర్లు. అంటే 35 మిల్లీమీటర్లు. అందులో సగం పైగా రాయి. మిగిలింది 16, 17. ఎండ బాగా కాసే రోజుల్లో నేల నుంచి, ఆకు నుంచి కలిపి రోజుకి 5 మిల్లీమీటర్ల దాకా పోతుంది. నిండా తడిసిన నేల కూడా మూడు నాలుగు రోజుల్లో ఖాళీ. మన జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకి పైనే వాన పడుతుంది, వాన కరువు కాదు నీది. పడిన నీళ్లు దాచుకునే కుండ చిన్నది.
అయితే నువ్వు రాసిన ఒక్క మాట నాకు చాలా సంతోషం కలిగించింది. కుళ్లు రాయిలో తడి ఉంది, ముసిడి వేరు అందులోకి పోయింది. నీ తోటకి దారి అదే. జీడి వేరుని ఆ పగుళ్ల దాకా తీసుకెళ్లగలిగితే ఆ తర్వాత అది ఎవరి సాయం లేకుండా బతుకుతుంది. మొదటి రెండు ఎండాకాలాలే గండం.

గుణుపురం_సుజాత
అవును, పైన ఎర్ర గరుసు ఎండిపోయినా కింద కుళ్లు రాయి తడి పట్టుకోవడం గ్రానైట్ కొండల్లో మామూలే. అందుకే ఆ కొండల మీద ముసిడి, చింత, సీతాఫలం ఏ మట్టీ లేనట్టు కనిపించే చోట కూడా పచ్చగా ఉంటాయి. ఆ పగుళ్లు ఎక్కడున్నాయో పెద్ద చెట్లే చూపిస్తాయి. మీ తోటలో పాత చెట్లు ఏ వరుసలో ఉన్నాయో చూసుకుని వాటి చుట్టుపక్కలే గోతులు తవ్వండి. గీత గీసినట్టు ఏడు మీటర్లకో గొయ్యి అని పట్టుబట్టకండి.

జీడిపిక్క
అలా అయితే వరసలు వంకరగా వస్తాయి, స్ప్రే చెయ్యడం కష్టం.

గుణుపురం_సుజాత
నిజమే, కష్టమే. కానీ బతికిన చెట్టుకి కదా స్ప్రే చేసేది.

మహేంద్రతనయ
గొయ్యి ఎంత తవ్వాలి? నాకు రెండడుగులు అని చెప్పారు.

రిటైర్డ్_ఏఓ
మామూలు నేలకి రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు చాలు. గట్టి నేలకి మూడడుగుల పైన తవ్వమంటారు. ఇలాంటి చోట పైకి పెద్దగా తవ్వడం కంటే అడుగున గునపంతో కుళ్లు రాయిని చీల్చడం ముఖ్యం. అడుగు చీల్చకుండా చుట్టూ గట్టి గోడ వదిలేస్తే వేరు గొయ్యిలోనే చుట్టుకుంటుంది. తవ్విన గరుసుని జల్లెడ పట్టి సన్నమట్టి, పశువుల ఎరువు, దొరికితే చెరువు మట్టి కలిపి గొయ్యి నింపు. చెరువు మట్టి గురించి నర్సరీ అతను చెప్పింది పూర్తిగా కొట్టెయ్యకు. వాలు మీద పరిస్తే మొదటి వానకే బాబాయి పొలంలో చేరుతుంది. గొయ్యిలో వేస్తే నిలుస్తుంది. నాలుగు తట్టలు మోయించడం ట్రాక్టరు ఎక్కించడమంత కష్టం కాదు.
అంటు కట్టిన చోటు నేల పైనే ఉండాలి. కవరులో వేరు చుట్ట చుట్టుకుని ఉంటే ఆ మొక్క కొనకు. గింజని అక్కడే నాటి, మొలిచాక దాని మీద అంటు కట్టే పద్ధతి కూడా ఉంది. తల్లివేరు తిన్నగా దిగుతుంది, మంచి అంటు కట్టేవాడు దొరకడమే కష్టం.

కొత్తూరు_కుర్రాడు
మా ఊళ్లో ఇలాంటి నేలలో చెదలు కూడా అంట్లని తినేస్తాయి. పొడి గరుసులో చెదలు ఎక్కువ.

మహేంద్రతనయ
అవును, ఎండుగడ్డి మొక్క మొదలుకే ఆనించి కప్పితే చెదల్ని ఇంకా పిలిచినట్టే. మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదిలి అవతల కప్పు. మేం ఎండుగడ్డి బదులు చదును రాళ్లే పరుస్తాం, చెద బెడద తక్కువ.

సివిల్_శీను
ఒక హెచ్చరిక. ఎవరైనా జేసీబీ పెట్టి వాలుని మెట్లు మెట్లుగా కోసేద్దాం అంటే ఒప్పుకోవద్దు. పై భాగంలో 45 శాతం వాలు, జానెడున్నర మట్టి. అక్కడ చదును మెట్టు కొయ్యాలంటే మంచి మట్టి మొత్తం అంచుకి తోసెయ్యాలి, మొక్కకి మిగిలేది కుళ్లు రాయే. పైగా వదులు గరుసు నీళ్లు తాగి బరువెక్కితే కింద రాతి మీద నుంచి జారుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మన గజపతి జిల్లాలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. బారఘరా దగ్గర కొండచరియ విరిగిపడి వాన నుంచి తలదాచుకున్న మనుషులు పోయారు. అడవి ఉన్న కొండలే ఆ వానకి జారాయి. గీకిన కొండ ఆగుతుందా?

గరువుగట్టు
శీను గారూ, మీరు ఈ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. రోడ్డు పనులకి గ్రావెల్ కావాలని ఒకాయన వచ్చి మా కింది గట్టు దగ్గర తవ్వుకుంటానంటున్నాడు. ఎలాగూ పనికిరాని గరుసే కదా, డబ్బిస్తా, ఆ డబ్బుతో పైన తోట బాగుచేసుకో అంటున్నాడు. ఇంట్లో వాళ్లకి కాస్త ఆశగా ఉంది.

సివిల్_శీను
వద్దు. గట్టిగా చెప్తున్నా, వద్దు. వాలు పాదం తవ్వితే పైనున్న మొత్తానికి ఆధారం పోతుంది. వదులు గరుసు తనంతట తాను నిలబడేది 35 డిగ్రీల చుట్టుపక్కలే. పాదం దగ్గర నిలువుగా కోస్తే ఎండాకాలంలో నిలబడ్డట్టే ఉంటుంది, తడిసినప్పుడు దిగుతుంది. తవ్వకానికి గనుల శాఖ అనుమతి ఉండాలి, లేకపోతే జరిమానా మీ మీదకొస్తుంది. మా వైపు ఒక కాంట్రాక్టరు ఇలాగే తవ్వి వదిలేసి పోయాడు. రెండో వానాకాలానికి పై రైతు జీడి చెట్లు వేళ్లతో సహా గోతిలో ఉన్నాయి. ఆ రైతు ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

జీడిపిక్క
ఈ విషయంలో శీనుతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా. మా మందస వైపు కూడా కొండలు చూస్తుండగానే సగానికి తరిగిపోతున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రిటైర్డ్_ఏఓ
ఇక నీ తోట సంగతి. రెండెకరాలూ ఒకటే నేల అనుకోకు. కింది భాగం పదికి రెండు వాలు, అక్కడ జీడి పెట్టుకో. ప్రతి మొక్కకి దిగువ వైపు అర్ధచంద్రాకారంలో రాతి కట్ట వెయ్యి, పై నుంచి వచ్చే నీళ్లు, మట్టి అక్కడ ఆగుతాయి. రెండు మూడేళ్లలో ఆ కట్ట వెనక సన్నమట్టి పేరుకోవడం నీకే కనిపిస్తుంది. వరసల మధ్య సమమట్టం మీద ముక్కలు ముక్కలుగా కందకాలు తీయించు, పై వరస ఖాళీ ఉన్న చోట కింది వరస కందకం రావాలి. ఉపాధి హామీ కింద అడిగి చూడు.
పై భాగంలో జీడి మానుకో. సీతాఫలం గింజలు, గడ్డి, స్టైలో అనే పశుగ్రాసం విత్తనం చల్లి పశువులు ఎక్కకుండా కాపాడు. అక్కడ నేల కప్పి ఉంటేనే కింద నీ జీడికి నీళ్లు మెల్లగా దిగుతాయి. ఎరువు ఒకేసారి పొయ్యకు. గరుసులో వేసిన యూరియా ఒక పెద్ద వానకి వేరు దాటి పోతుంది. తడి ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు వెయ్యి.

గరువుగట్టు
పై ఎకరం వదిలెయ్యమంటే నాన్నగారు ఒప్పుకోవడం కష్టం సార్. ఆయనకి అది కూడా తోట అవ్వాలని ఆశ.

పుట్టాసింగ్_మాస్టారు
వదిలేసినట్టు కాదని చెప్పు. సీతాఫలం సంతలో బాగానే పోతుంది. చీపురు గడ్డి పెట్టినా డబ్బే.

దెగ్లూర్_దత్తు
మా వైపు కొండల్లో సీతాఫలమే రైతుని ఆదుకుంటోంది. నీళ్లు పొయ్యరు, ఎరువెయ్యరు. మేకలు కూడా ఆకు ముట్టవు.

జీడిపిక్క
ఏఓ గారూ, ఒక్క ప్రశ్న. మా మావయ్య ఏరించిన రాళ్లు గట్టు మీద ఇంకా కుప్పలుగానే ఉన్నాయి. వాటిని మళ్లీ వాడొచ్చా? ఎక్కడ పెట్టాలి?

రిటైర్డ్_ఏఓ
తప్పకుండా వాడొచ్చు. వాలుకి అడ్డంగా, సమమట్టం గీత మీద వరసలుగా పెట్టించు. గీత కోసం మూడు కర్రలతో ఇంగ్లీషు A ఆకారం చట్రం కట్టి పై కొన నుంచి రాయి వేలాడదీస్తే చాలు. ముందు అరడుగు లోతు కాలువ తీసి పెద్ద రాళ్లు అందులో కూర్చోబెట్టాలి, లేకపోతే మొదటి ప్రవాహానికే దొర్లుతాయి. వాటి పైన మధ్యరకం రాళ్లు, పై వాలు వైపు చిన్న గరుసు. రెండడుగుల ఎత్తు దాటనివ్వకండి, సందులు మట్టితో మూయకండి. నీళ్లు వడకట్టుకుని పోవాలి, మట్టి ఆగాలి. పని జూన్ వానలకి ముందే అయిపోవాలి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి ఎక్కడ తెగిందో చూసి, అక్కడ మళ్లీ పెట్టించండి.